వార్తల పిల్లకు మూడు ముక్కులు

మా ఆయన ఆ టీవీని ఇంటికి తెచ్చిన రోజు మార్కాపురంలో మా వీధి వీధంతా పనులు మానుకుని చూడ్డానికి వచ్చింది. నేను కాపురానికి వచ్చిన రోజు కూడా అంతమంది రాలేదు. కనిగిరిలో ఎవరో లాడ్జి మూసేస్తూ సామాను అమ్ముకుంటుంటే, అక్కడి హాల్లో ఉన్న ప్రొజెక్షన్ టీవీ ఈయన కంటపడింది. బడి పలకలు దించేసి ఖాళీగా తిరిగొస్తున్న మా ఊరి లారీ ఒకటి దొరికింది. ఇంకేం, దాన్ని లారీకెక్కించి తాను ముందు డ్రైవరు పక్కన కూర్చుని వచ్చేశాడు. తాడుతో కట్టాలన్న ఆలోచన మాత్రం రాలేదు మహానుభావుడికి. దారి పొడుగునా అది ఆ మూల నుంచి ఈ మూలకు జారుతూనే వచ్చిందని తర్వాత డ్రైవరే చెప్పాడు.

దాన్ని టీవీ అనడానికి నోరు రాదు. ముందువైపు అద్దం బిగించిన బీరువా అది. అప్పటికే పెద్ద ఊళ్ళలో గోడకు తగిలించుకునే పల్చటి టీవీలు వచ్చేశాయి. కానీ మా ఆయన లెక్కలో బరువుంటేనే వస్తువు. మనుషులు పట్టుకుని, తలుపు రెక్కలు ఊడదీసి, ఆయాసపడుతూ హాల్లోకి చేర్చారు. అది కూర్చున్నాక మేం కూర్చోవడానికి చోటు వెతుక్కోవాల్సి వచ్చింది.

సాయంత్రం ఆన్ చేశారు. బొమ్మ రావడం వచ్చింది గానీ, ఒక్క మనిషి ఉండాల్సిన చోట ముగ్గురు వచ్చారు. వార్తలు చదివే అమ్మాయికి ఎడమపక్క ఎర్రంచు, కుడిపక్క నీలంచు. తెర కింద పాకే అక్షరాలైతే ఒకదాని మీద ఒకటెక్కి తొక్కులాడుకుంటున్నాయి.

మా అత్త వక్కాకు నములుతున్నదల్లా ఆపి, "ఒరేయ్, ఈ పిల్లకు మూడు ముక్కులుండాయేందిరా?" అంది.

"యాడుండాయమ్మా మూడు? బంగారట్ల ఉండాది బొమ్మ," అన్నాడు మా ఆయన కుర్చీ ముందుకు లాక్కుంటూ.

నాకూ మూడు ముక్కులే కనిపించాయి. ఆ మాటే అన్నాను. "మీ అత్తాకోడళ్ళు ఎప్పట్నుంచే ఒక్కటైంది?" అని నా మీదికి ఎగిరాడు. నేనింక పట్టించుకోలేదు. ఆయన సంగతి నాకు తెలియనిదా! తాను తెచ్చిన వంకాయలోంచి పురుగు తల బయటపెట్టి పలకరించినా, పురుగెక్కడుందే అని అడిగే రకం. ఇదీ ఆ బాపతేలే అనుకుని వంటింట్లోకి పోయాను.

మాది బట్టల దుకాణం. ఇంటి ముందు భాగంలోనే ఉంటుంది. మా మామ పోయేనాటికి మా ఆయన నిక్కర్లేసుకునే వయసు. అప్పట్నుంచీ గల్లాపెట్టె ముందు కూర్చునేది మా అత్తే. తాళంచెవుల గుత్తి నడుముకు దోపుకుని పొద్దున పోయి కూర్చుందంటే దుకాణం కట్టేసేదాకా కదలదు. ఎదురుగా చీర పరిస్తే చాలు, కూర్చున్నచోట నుంచే "ఆ పైవరసలో వంకాయరంగు తాను దించు, అది కాదు, దాని కింద కొంచెం మాసినట్లుండాదే అది" అని జాకెట్టు ముక్క ఎంచేస్తుంది. ఆమె చేత రంగు ఎంచించుకోవడానికి యర్రగొండపాలెం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళున్నారు. నలుగురూ తనను చూడ్డం, తాను నలుగురినీ చూడ్డం, అదే ఆమె బతుకు.

టీవీ వచ్చిన కొద్దిరోజులకు ఆ యర్రగొండపాలెం నుంచే ఒకావిడ వచ్చి దుకాణంలో రచ్చ చేసింది. నల్లచీరకు నల్ల జాకెట్టు ముక్క అడిగితే ముదురు నీలం కోసిచ్చారని, పెళ్ళిలో అందరూ తనను చూసి నవ్వారని. ఆ ముక్క కోసిచ్చింది మా ఆయన. అయినా కొనేవాళ్ళందరి ముందూ, "మాయమ్మ చూసి సరే అన్నాకే కోసినానమ్మా. ఈ మధ్య ఆమెకు చూపు ఆనడంలా" అనేశాడు.

మా అత్త ఆ ముక్క వెనక్కి తీసుకుని, సరైన నలుపు తనే తీసిచ్చి పంపించింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర మొదలైంది అసలు సంగతి.

"ఎవురికిరా చూపు ఆనంది?"

"కోపమెందుకమ్మా? టీవీలో మూడు ముక్కులు కనపడేదానికి నలుపేంది, నీలమేంది! ఒంగోలు పోయి కండ్లు చూపించుకో. దీపావళి నుంచి గల్లాలో నేను కూచుంటా. నువ్వు ఇంట్లో రెస్టు తీసుకో."

"రెస్టా! ఆ రెస్టేదో నీ టీవీకియ్యి. పొద్దస్తమానం అది పడే పాట్లు చూడలేకుండా ఉండా," అని మా అత్త కంచం పక్కకు నెట్టింది. నడుముకున్న తాళంచెవులు తీసి ఘల్లుమని ఊపింది. "ఇను. ఆ టీవీని బాగు చేయించు. బొమ్మలన్నీ కలిసి ఒకటైనాయని మెకానిక్కు చెప్పిన పొద్దు కూడా నాకు మూడు కనపడినాయనుకో, ఈ తాళాలు నీ చేతిలో పెట్టి మూలన కూచుంటా. ఒకటే కనపడిందా, నేను పొయ్యేదాకా నా గల్లా జోలికి రాగూడదు."

"సరే" అన్నాడు మా ఆయన. అనక ఏం చేస్తాడు.

నేను మనసులోనే దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. అత్తమీద ప్రేమ పొంగిపొర్లి కాదు. ఆమె దుకాణంలో ఉంటేనే నా వంటిల్లు నాది. ఆదివారం ఒక్కపూట ఇంట్లో ఉంటేనే పప్పులో చింతపండు ఎక్కువైందంటుంది, పోపులో ఆవాలు చిటపటలాడలేదంటుంది, గిన్నె తోమిన చప్పుడు బట్టి నాకు కోపమొచ్చిందని కనిపెడుతుంది. అలాంటి మనిషి వారమంతా ఇంట్లో ఉంటే నేనే ఏదో ఒక లాడ్జిలో గది వెతుక్కోవాలి.

మెకానిక్కును పిలిపించాం. మాకు పాత పరిచయమే, అందరం భాయ్ అని పిలుస్తాం. ఊళ్ళో ఉన్న డబ్బా టీవీలన్నిటి కడుపులూ చూసినవాడు. దీని వెనక చెక్క ఊడదీసి టార్చిలైటు వేసి, కాసేపు తల లోపలే పెట్టి ఉండిపోయాడు.

"అరె! పిక్చర్ ట్యూబు యాడుండాది శెట్టీ? ఇంత పెద్ద డబ్బాలో పెద్ద అద్దం, దాని ముందర మూడు బుడ్డి ట్యూబులు. అంతే!"

"లాడ్జోడు తీసేసుకున్నాడేమో" అంది మా అత్త.

భాయ్‌కి తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేదు. గిద్దలూరులో తనకు పని నేర్పిన ఉస్తాదుకు ఫోను చేసి, మాకు వినపడకుండా పెరట్లోకి పోయి మాట్లాడాడు. తిరిగొచ్చేసరికి పుట్టుకతోనే తెలిసినవాడిలా చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మూడు ట్యూబుల్లో ఒకటి ఎర్రబొమ్మ, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం వేస్తాయట. మూడూ అద్దంలో పడి వచ్చి తెరమీద సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చుంటేనే అసలు బొమ్మట. లారీలో దొర్లడంతో మూడూ మూడు దార్లు పట్టాయి.

"మరి దీనికి మూడు కండ్లుండాయని నేను మొదట్నుంచీ మొత్తుకుంటానే ఉండా గదా!" అంది మా అత్త. ఆమె అన్నది ముక్కులు. కానీ గెలుస్తున్న మనిషిని సరిదిద్దడమెందుకని ఊరుకున్నాను.

"బొమ్మలు కలిసినాక చూద్దాంలే" అన్నాడు మా ఆయన మొహం చిట్లించి.

ఉస్తాదు చెప్పిన ప్రకారం మొదట పక్కనున్న పెద్ద స్పీకర్లు జరిపాం, వాటిలో ఉన్న అయస్కాంతాలు రంగుల్ని లాగేస్తాయట. లోపలి అద్దం మీద లాడ్జి కాలం నాటి దుమ్ము మెత్తటి గుడ్డతో తుడిచాడు. మూడు రంగుల్నీ ఒకచోటికి లాగే చిప్పు బిళ్ళేదో మార్చాలన్నాడు, అది గుంటూరు నుంచి రావాలన్నాడు. అది వచ్చేసరికి దసరా వచ్చింది.

దసరా ఆయుధపూజకు మా అత్త ఇంట్లో కదిలేవీ కదలనివీ వేటినీ వదలదు. గల్లాపెట్టెకు, కత్తెరకు, గజం బద్దకు, కుట్టుమిషనుకు, ఫ్యానుకు, గ్యాసు పొయ్యికి బొట్లు పెట్టేసి, చివరికి టీవీ ముందు నిలబడింది. "ఏం చేసినా వాడి ఆయుధం ఇదే గదా" అని గంధం రాసి, తెరకు సరిగ్గా నడిమధ్యన ఇంత పెద్ద కుంకుమబొట్టు పెట్టింది. పెట్టిన బొట్టు ఆ ఏడాది దసరా వెళ్ళేదాకా తుడవడానికి వీల్లేదు. దాంతో వార్తల అమ్మాయికి మూడు ముక్కుల మీద ఒక బొట్టు వచ్చింది. క్రికెట్లో బౌలరుకీ అదే బొట్టు, ఎన్నికల్లో నిలబడ్డ నాయకుడికీ అదే బొట్టు. ఎవరూ కాదనలేదు.

మర్నాడు దుకాణం సెలవు. భాయ్ వచ్చి కొత్త బిళ్ళ బిగించాడు. టీవీ వేడెక్కాకే రంగులు నిలకడగా ఉంటాయని ఆన్ చేసి పెట్టి, కాఫీ తాగి, పలావు కూడా తిన్నాడు. అప్పుడు రిమోటులో ఏదో నొక్కాడు. తెర నల్లబడి, దాని మీద అడ్డం నిలువు గీతలు పడ్డాయి. మధ్యలో పెద్ద కూడిక గుర్తు. ప్రతి గీతా మూడుగా చీలి ఉంది, ఎర్రటిది ఇటు, నీలంది అటు, మధ్యలో ఆకుపచ్చది.

"ఆకుపచ్చ గీత కదలదు శెట్టీ. ముందు ఎర్రదాన్ని దాని మీదికి లాక్కురావాల. తర్వాత నీలం. అంతే పని."

"ఇట్లియ్యి. నా టీవీ, నేను చేసుకుంటా" అని మా ఆయన రిమోటు లాక్కున్నాడు. పందెం ఆయనది కూడా కదా మరి. కుర్చీలో ముందుకు వంగి బాణాల బటన్లు నొక్కడం మొదలుపెట్టాడు. ఎర్రగీత కదిలింది. ఆకుపచ్చ దాని వైపుకు వచ్చింది, దాని మీదికెక్కింది, దాటింది, దాటిపోయి అలాగే పోతూ ఉంది. ఈయన ఆపడంలేదు. ఎర్రగీత తెర అంచుదాకా పోయి కనపడకుండా పోయింది. ఈయనింకా నొక్కుతూనే ఉన్నాడు, నుదుట చెమటలు పడుతున్నాయి.

"ఏంది భాయ్ ఇది, ఎర్రది ఎంత నొక్కినా కదలడంలా! మధ్యలో అట్లనే కూచోనుండాది మొండిగా!"

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ముందు అర్థమైంది భాయ్‌కి. "శెట్టీ, అది గీత కాదు! పెద్దమ్మ పెట్టిన బొట్టు!" అని నేలమీద కూలబడి నవ్వాడు. నేను గోడ పట్టుకున్నాను. మా అత్త అయితే పొట్ట పట్టుకుని, "నా బొట్టు నీ రిమోటుకు కదుల్తాదేందిరా ఎర్రోడా!" అని కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది.

"నాకు తెల్సులే. నవ్వియ్యాలని చేసినా" అన్నాడు మా ఆయన. లేచి టీవీ దగ్గరికి పోయాడు. తెరకు ముక్కు ఆనేంత దగ్గరికి పోయి చూశాడు. వేలు పెట్టి రుద్దాడు. ఆ వేలిని వెలుతురు వైపుకు తిప్పి, కళ్ళు చికిలించి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

మా అత్త నవ్వు ఆగిపోయింది. భాయ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, నేనూ నవ్వుతూనే ఉన్నాను. ఆమె మాత్రం కొడుకు వేలి వంకే చూస్తోంది.

తర్వాత రిమోటు భాయ్ తీసుకున్నాడు. ఎర్రగీతను వెనక్కి పిలుచుకొచ్చాడు. ఆకుపచ్చ మీద కూర్చోబెట్టాడు. నీలాన్ని తెచ్చాడు. మధ్యలో కుదిరాక మూలలు సరిచేశాడు. "ఆ పైమూలన ఇంకా నీలం తొంగిచూస్తాంది చూడు భాయ్" అని మా అత్త చెప్పేదాకా ఆ మూల సంగతి మాకెవరికీ తెలియలేదు. అదీ సర్దాడు. తెరంతా తెల్లటి గీతలు, సన్నగా, ఒంటిగా, రూళ్ళకర్రతో గీసినట్టు.

"పెద్దమ్మా, ఇప్పుడు చెప్పు. ఎన్ని గీతలు?"

నేను మా ఆయన వైపు చూసి గర్వంగా నవ్వాను. గెలిచేసినట్టే, వంటిల్లు నాకు దక్కినట్టే. మా అత్త తెర వైపు చూడలేదు. కొడుకు వైపు చూసింది. ఆయన ఇంకా ఆ కుంకుమవేలు పంచెకు తుడుచుకుంటున్నాడు.

"మూడు" అంది.

"ఏంది?" అన్నాడు మా ఆయన.

"మూడే కనపడ్తాన్నాయిరా. నువ్వు చెప్పిందే నిజం. నా కండ్లే పోయినాయి." తాళంచెవుల గుత్తి నడుము నుంచి తీసి టీపాయి మీద పెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏంది అత్తా నువ్వు! ఇప్పుడే గదా ఆ మూలన నీలం..." అనబోయాను. కొంగు చాటున నా తొడ మీద గిల్లింది చూడండి, ఆ మచ్చ వారం రోజులు పోలేదు. నోరు మూసుకున్నాను.

"కానీ ఒక్కమాట" అంది కొడుకుతో. "నాకా ఆస్పత్రి కుర్చీ అంటే బయ్యం. ఒంగోలుకు నువ్వు నాతో రావాల. నా ముందర నువ్వు కూచోని చూపించుకుంటేనే నేను కూచుంటా. లేకుంటే రానే రాను."

గెలిచినవాడు కదా, దానికేముంది అన్నాడు. మూడోరోజు ముగ్గురం బస్సెక్కాం. ఎక్కేముందే బజారంతా తెలిసిపోయింది, శెట్టమ్మకు కళ్ళు పోయాయని. పక్కింటామె వచ్చి చెయ్యి పట్టుకుని బస్సెక్కించబోతే, మా అత్త నిజంగానే తడుముకుంటూ ఎక్కింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, అవతలి బస్సు మీద ఏ ఊరి పేరుందో నాకు చదివి చెప్పింది.

ఆస్పత్రిలో ముందు మా ఆయన్ను కూర్చోబెట్టారు. గోడమీది అక్షరాలు చదవమన్నారు. పైన ఉన్న పెద్ద అక్షరం ఒక్కటి చదివాడు. తర్వాత వరుస అడిగితే గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ సవరించుకున్నాడు. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు, ఒక కంట్లో బాగా ముదిరిపోయింది, ఒంట్లో షుగరు ఉంటే చిన్న వయసులోనే ఇట్లా వస్తాయి అన్నాడు డాక్టరు. ఆపరేషను చేస్తే చూపు వస్తుందన్నాడు. ఆ మాట కూడా అన్నాడు కాబట్టి నేను నిలబడగలిగాను.

ఆయన్ను వేరే పరీక్షలకు లోపలికి తీసుకెళ్ళాక మా అత్తకు చూశారు. "ఈమెకేమైందని తెచ్చారమ్మా? సూదిలో దారం ఎక్కించుకుంటుంది ఈమె" అన్నాడు డాక్టరు. "అది వానికి చెప్పొద్దు సారూ" అంది మా అత్త.

బయట బెంచీ మీద, కళ్ళలో మందు వేసుకుని కళ్ళు మూసుకుని కూర్చున్న మా ఆయన పక్కన కూర్చున్నాను. కళ్ళు తెరవకుండానే చెప్పాడు. "శానా దినాల నుంచే కనపడ్డంలేదే. నలుపూ నీలమూ ఒకటే నాకు. రంగులు తెలీని శెట్టి దగ్గర బట్టలు ఎవురు కొంటారు? అందుకే చెప్పలా." చెంప మీద ఒకటివ్వాలనిపించింది. ఆస్పత్రి వరండాలో జనం ఉన్నారని చూడకుండా ఆయన తల నా భుజానికి ఆనించుకున్నాను. ఎంత భయం దాచుకున్నాడో, ఆ భయాన్ని పొగరనుకుని నేనెన్నిసార్లు విసుక్కున్నానో తలుచుకుంటే ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, ఆ వంకాయల సంగతి కూడా ఇదేనా అని అడిగాను. అవునన్నాడు. ఎన్ని పురుగులు తిన్నామో ఆ దేవుడికే తెలియాలి.

ఒక కంటికి, ఆ తర్వాత రెండో కంటికి ఆపరేషన్లు అయ్యాయి. ఆ రోజులన్నీ దుకాణం నడిపింది మా అత్తే. కానీ పందెం ఓడిన మనిషి కాబట్టి తాళాలు ముట్టుకోలేదు. దేవుడి గూటి పక్కన మేకుకు నా చేతే తగిలింపించి, రోజూ పొద్దున నన్నే తీసి తెరవమనేది. దుకాణంలోకి వచ్చినవాళ్ళు, పాపం ఈ వయసులో కళ్ళు పోయి కూడా ఎట్లా కూర్చుందో అని జాలిపడేవాళ్ళు. జాలి పడనిచ్చింది. జాలిపడ్డవాళ్ళకు రెండు జాకెట్టు ముక్కలు ఎక్కువ అంటగట్టింది కూడా.

టీవీ అన్నాళ్ళూ దుప్పటి కప్పుకుని ఉంది. మా ఆయనకు నల్లద్దాలు తీసెయ్యొచ్చని చెప్పిన మర్నాడు పొద్దున, దుప్పటి లాగి ఆన్ చేశాడు. దాని పాడు బుద్ధి ఎక్కడికి పోతుంది! భాయ్ బిగించిన బిళ్ళ కాలిపోయినట్టుంది, మళ్ళీ మొదటిరోజు లాగే అన్ని రంగులూ విడిపోయాయి. వార్తల అమ్మాయి వచ్చింది. మా ఆయన వెనక్కి ఆనుకుని కూర్చున్నవాడల్లా ముందుకు వంగాడు.

"అమ్మా! ఏందమ్మా ఇది? ఈ పిల్లకు మూడు ముక్కులుండాయి!"

మా అత్త దుకాణానికి బయల్దేరుతూ కొంగు సర్దుకుంటోంది. నేను మేకు మీది తాళాలు తీద్దామని పోతున్నదాన్ని ఆగిపోయాను.

"ఎప్పట్నుంచి ఇట్లుంది?" అన్నాడు. ఈసారి గొంతు తగ్గింది.

మా అత్త టీవీ వంక చూసింది. "నిన్నటి నుంచే నాయనా" అంది.

మా ఆయన ఆ మూడు ముక్కుల వంక చూశాడు, ఇప్పుడే తాను లాగి పడేసిన దుప్పటి వంక చూశాడు. తర్వాత లేచాడు. నన్ను పక్కకు జరగమని, మేకు మీది తాళంచెవుల గుత్తి తనే తీసి, తల్లి దగ్గరికి పోయి, చిన్నపిల్లకు కట్టినట్టు ఆమె నడుముకు తనే దోపాడు.